ఒక్క అత్త కోసం రెండు కార్లు

భిక్నూరు దాటాక హైవే పక్కన ఒక దాబా కనిపిస్తే కారు ఆపమన్నాను. మా అల్లుడు అద్దంలోంచి నన్ను చూసి, "ఇప్పుడే కదా అత్తమ్మా ఆగినం" అన్నాడు మెల్లగా. నిజమే, ఇప్పుడే ఆగాం. మోకాళ్ళ నొప్పులని చెప్పి ఆపిస్తాను గానీ మోకాళ్ళు ఒక సాకు. నాకు పుట్టినప్పటి నుంచీ కూర్చున్నచోట కూర్చోవడం చేతకాదు. కాలు కాలిన పిల్లి అని మా అవ్వ, అంటే అమ్మ, తిట్టేది. పిల్లి ముసలిదైంది, కాలు మాత్రం ఇంకా కాలుతూనే ఉంది.

ఆ దాబా ముందు సిమెంటు గద్దె కట్టి దాని మీద పాత అంబాసిడర్ కారు పెట్టారు. నిమ్మపండు రంగు వేసి, బానెట్ తీసేసి, ఇంజను ఉండాల్సిన చోట పూలకుండీలు పెట్టారు. వచ్చినవాళ్ళు దాన్ని ఆనుకుని ఫోటోలు దిగుతున్నారు. నేను గద్దె ఎక్కి తలుపు తీసి లోపల తల పెట్టాను. కొత్త పెయింటు వాసన తప్ప ఇంకేమీ లేదు. నాకు ఒళ్ళు మండింది. ఎండకు కాగిన రెగ్జిను వాసన ఏది? పెట్రోలు ఏది? మా నాన్న, బాపు, కాల్చే బీడీ ఏది? కామారెడ్డి చుట్టుపక్కల చెరకు ఆడే రోజుల్లో ప్రతి కారులోనూ చొరబడే బెల్లపు పొయ్యి వాసన ఏది? స్టీరింగు పక్కన గేరు కర్ర మాత్రం ఉంది. పట్టుకుని ఊపాను. అటూ ఇటూ ఊరికే ఊగింది.

"చాయ్ సల్లారుతుంది అత్తమ్మా" అని కింద నుంచి అల్లుడి కేక. చల్లారనీ.

మా ఇల్లు అప్పట్లో కామారెడ్డిలో, స్టేషనుకు నడిచి పోయేంత దూరంలో ఉండేది. ఒకటే వాకిలి, రెండు తలుపులు. ఒక తలుపు మాది, ఇంకొకటి మా బాపు తమ్ముడిది. ఆయన్ని చిన్నబాపు అనేదాన్ని. వాళ్ళిద్దరి నడుమ పుట్టిన ఒక్క ఆడపిల్ల మా మేనత్త. బాపుకు చెల్లెలు, చిన్నబాపుకు అక్క. ఆమెను ఎల్లారెడ్డిలో ఇచ్చారు.

బాపుది కిరాయి అంబాసిడర్. పొద్దున్నే స్టేషను ముందు నిలబెట్టేవాడు. పెళ్ళికూతుళ్ళు ఏడుస్తూ పోయింది అందులోనే, బాలింతలు ఆస్పత్రి నుంచి వచ్చింది అందులోనే. ఒకసారి ఏడుపాయల జాతరకు మొక్కు మేక కూడా వెనక సీటులో దర్జాగా కూర్చుని పోయింది. ముందు సీటు ఒకటే పొడుగు బెంచీ. గేరు స్టీరింగు పక్కన ఉండేది కనుక నడుమ అడ్డం ఉండేది కాదు. నాలాంటి స్థిమితం లేని పిల్లకు అది కారు కాదు, కదిలే ఇల్లు. ముందు నుంచి వెనక్కు దూకొచ్చు, వెనక నిలబడి అద్దంలోంచి ఊళ్ళను వెక్కిరించొచ్చు. నాయనమ్మ బతికున్నప్పుడు వెనక సీటులో కాళ్ళు చాపుకుని గుర్రు పెట్టేది.

ఒక్కటే పేచీ దానితో. ఎండలు ముదిరితే ఉడికేది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోతుంటే తాడ్వాయి దాటాక రోడ్డు పక్కన ఒక మోటబావి వచ్చేది. అక్కడ ఆగాల్సిందే. ఆ నీళ్ళు పోయడం ఇద్దరు మనుషుల పని. ఇంజను ఆపకుండా, ఒకరు తడిపిన గోనెపట్ట వేసి రేడియేటరు మూతను కొంచెం తిప్పి గట్టిగా పట్టుకోవాలి. ఆవిరి బుస్సున పోయి సద్దుమణిగాక రెండోవారు సన్నటి ధారగా నీళ్ళు వదలాలి. తొందరపడితే మొహం కాలుతుంది. మూత బాపు పట్టేవాడు, నీళ్ళు చిన్నబాపు పోసేవాడు. మీసాలు రాకముందు నుంచీ అన్న కారు మీద క్లీనరుగా తిరిగి, తర్వాత అదే కారు నడపడం నేర్చుకున్నాడు చిన్నబాపు. ఆ పనిలో వాళ్ళిద్దరికీ మాట అవసరం ఉండేది కాదు.

తర్వాత చిన్నబాపు సొంత కారు కొన్నాడు. అప్పుడే కొత్తగా రోడ్ల మీదికి వస్తున్న రకం, ఎర్రటిది, అరచేతిలో పెట్టుకునేటట్టు ఉండేది. కొంటే కొన్నాడు, బాపుకు దాని మీద కోపం లేదు. ఆ కారును ముందు సదాశివనగర్‌లో అత్తగారింటికి తీసుకుపోయి, అక్కడే కొబ్బరికాయ కొట్టించి, మామ చేత నిమ్మకాయలు తొక్కించి, ఆ మీదట మా వాకిట్లోకి తెచ్చాడు. ఇంట్లో పెద్దన్న ఉండగా కొత్త బండి చక్రం కింద మొదటి నిమ్మకాయ ఇంకెవరో తొక్కించడం! బాపు వాకిట్లో నిలబడి ఆ చక్రాలకు అంటిన నిమ్మకాయ గుజ్జు చూశాడు. అప్పటి నుంచి తమ్ముడితో మాట బంద్.

మాట బంద్ అయింది గానీ కార్లు మాట్లాడుకోవడం మొదలైంది. బాపు పళ్ళు తోముకుంటూ నాతో అన్నట్టు గట్టిగా అనేవాడు. "బిడ్డా, గది కారంటరా? సబ్బుడబ్బ. ఎవడన్న తుమ్మితె పక్కకు జరుగుతది."

అవతలి తలుపు దగ్గర చిన్నబాపు కారు తుడుస్తూ, అదీ నాతోనే. "బిడ్డా, జర మీ ముసలి బర్రెకు నీళ్ళు పెట్టుండ్రి. నాలుగడుగులేస్తె దూపైతది దానికి."

నేను ఇద్దరి మధ్య అటు తిరిగి నవ్వి ఇటు తిరిగి నవ్వేదాన్ని. నిజం చెప్పాలంటే నాకు రెండూ కావాలి. చిన్నబాపు కారులో కదలడానికి చోటు ఉండేది కాదు, మోకాళ్ళు గడ్డానికి తగిలేవి, కానీ చెట్లు ఉరికేవి! బాపు కారులో నేను ఉరికేదాన్ని, చెట్లు నిలబడి చూసేవి. పెద్దదాంట్లో ఉంటే చిన్నది గుర్తొచ్చేది, చిన్నదాంట్లో ఉంటే పెద్దది. స్టేషను నుంచి ఇంటికి దాంట్లో వచ్చి, ఇంటి నుంచి అంగడికి దీంట్లో పోయేదాన్ని. "గోడ మీద పిల్లీ" అని చిన్నబాపు జడ లాగేవాడు.

ఆడవాళ్ళు మాత్రం మాట మానలేదు. "ఆళ్ళు మూతి ముడుసుకుంటె మనకేంది, గా చాట ఇటియ్యి" అనేది మా అవ్వ. చిన్నబాపు భార్య, మా చిన్నమ్మ, ఇచ్చేది.

అట్లా నడుస్తుండగా అత్తకు ఒడిబియ్యం పోయాల్సిన ఏడాది వచ్చింది. పెళ్ళయిన ఆడపిల్లను పుట్టింటికి తోలుకొచ్చి, కొత్త చీర కట్టించి, కొంగులో పసుపుబియ్యం పోసి పంపడం మా దగ్గర మాటలా? బేసి సంవత్సరంలోనే పోయాలి. ఇప్పుడు తప్పితే మళ్ళీ ఏళ్ళు ఆగాలి. పైగా నాయనమ్మ పోయిన తర్వాత ఇదే మొదటిది. తల్లి లేని పుట్టింటికి దారి ఉందా లేదా అని అత్త అత్తగారు రోజూ పొయ్యి దగ్గర సన్నగా పొగ పెడుతోందని మాకు తెలుస్తూనే ఉంది. అన్నదమ్ములు మాట్లాడుకోవడం లేదన్న సంగతి కూడా ఎల్లారెడ్డి చేరింది. అలాంటివి కార్ల కంటే జోరుగా పోతాయి.

అత్త ఎల్లారెడ్డి బస్సు కండక్టరుతో చెప్పి పంపింది. ఆయన స్టేషను దగ్గర బాపును పట్టుకుని అందరి ముందు ఒప్పజెప్పాడు. "మీ చెల్లె చెప్పుమన్నది. ఇద్దరు కలిసొస్తెనే వస్తదట. ఒక్కరే వస్తె గడియ పెట్టుకుంటదట."

ఇంట్లో పెద్ద గత్తర, ఒకటే హడావిడి. అవ్వా చిన్నమ్మా ఒకే పొయ్యి మీద ఒకే బాండ్లీ పెట్టి సకినాలు, గారెలు కాల్చారు. వాము, నువ్వుల వాసన వాకిలంతా నిండింది. నేను ఆ పొయ్యికీ గేటుకీ మధ్య ఎన్ని తిరుగుళ్ళు తిరిగానో. తెల్లవారితే ప్రయాణం. బాపు తన కారు కడిగి పసుపు బొట్లు పెట్టాడు. అటువైపు చిన్నబాపూ తన కారు కడిగి బొట్లు పెట్టాడు. అవ్వ నెత్తి కొట్టుకుంది.

"ఇదేంది? కలిసి రమ్మన్నది గదా!"

"కలిసే పోతున్నం. ఒక్క కార్ల రమ్మన్నదా?" అన్నాడు బాపు.

అట్లా ఒక్క అత్తను తేవడానికి రెండు కార్లు బయలుదేరాయి. నేను బాపు కారెక్కాను. సకినాల డబ్బా నా ఒళ్ళో పెట్టారు. ఎవరి ఒళ్ళో ఏం పెట్టాలో తెలియని ఆడవాళ్ళు. తాడ్వాయి వచ్చేసరికి డబ్బాలో పై వరస ఖాళీ.

మోదుగలు పూసిన రోజులవి. ఆకు రాలిన అడవిలో ఎర్రటి పూలు. చిన్నబాపు కారు మా వెనకే వస్తోంది, ఎర్రగా. మోటబావి దగ్గర బాపు ఆపాడు. ఎర్ర కారు పీంపీం అని మమ్మల్ని దాటిపోయింది. నాకు ప్రాణం పోయినంత పనైంది.

"బాపూ, చిన్నబాపు ముందుగాల పోతున్నడు! ఉరుకు!"

"పోనియ్యి. ముందు పోతె మెడల దండేస్తరా?"

బాపు ఒక్కడే బావి నుంచి నీళ్ళు చేది తెచ్చాడు. ఎడమ చేత్తో గోనెపట్ట, కుడి చేత్తో చెంబు. నేను పోస్తానంటే వద్దన్నాడు. "దూరం పో బిడ్డా, ఆవిరి గొడ్తది." ఆవిరి బుస్సుమంది. బాపు మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ చెయ్యి వెనక్కు తీసుకోలేదు. తీస్తే మూత ఎగిరిపోతుంది. అప్పుడు చూశాను, ఆయన మోచేతి కింద గులాబి రంగు మచ్చలు. మానినవి కొన్ని, మానుతున్నవి కొన్ని. ఆ మచ్చలు చూసినా నా కాళ్ళు మాత్రం రోడ్డు వైపే లాగుతున్నాయి. బానెట్ ఎప్పుడు మూస్తాడా అని గంతులేస్తున్నాను.

మేము ఎల్లారెడ్డి చేరేసరికి చిన్నబాపు అత్తవాళ్ళ అరుగు మీద ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. తలుపు మూసి ఉంది. అత్త అన్నమాట ప్రకారం గడియ పెట్టింది! బాపు కారు దిగాక తలుపు తీసి, ఇద్దరికీ ఒకేసారి కాళ్ళకు నీళ్ళిచ్చింది. నన్ను ఎత్తుకుని మెడ మీద వాసన చూసింది. "సకినాల వాసనొస్తున్నవేందే?" అంది. నేను మాట మార్చాను.

అత్త అప్పటికి సన్నబడింది. నవ్వితే మాత్రం మా ఇంటి నవ్వే. కోడికూర, బగారన్నం, పచ్చిపులుసు. అన్నదమ్ములిద్దరూ ఒకే చాప మీద కూర్చుని చెరో గోడను చూస్తూ తిన్నారు. అత్త ఇద్దరి నడుమ వంగి వడ్డిస్తూ ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది. ఇంకో ముద్ద ఇంకో ముద్ద అంటూ ఆమె పెట్టుకుంటూ పోతుంటే నేను లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. బయట ఊరివాళ్ళు కార్ల చుట్టూ చేరి పంచాయితీ పెట్టారు.

"ఇగో, దీంట్లనైతే మంచమేస్కొని పండొచ్చు" అని ఒక ముసలాయన అంబాసిడర్ తలుపు తట్టాడు.

"పండెతందుకు కారెందుకే తాతా? ఇది చూడు, ముట్టుకుంటె ఉరుకుతది" అని ఇంకొకడు.

"ఉరికేదానికేంది, కోడి గూడ ఉరుకుతది. గోడకు గుద్దితె ఏది నిలవడతదో అది కారు."

అందరూ నవ్వారు. అత్త బొట్టు పెట్టుకుని, సంచీ పట్టుకుని, వాకిట్లోకి వచ్చింది. అక్కడ మొదలైంది.

బాపు అంబాసిడర్ వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. "రా చెల్లె."

చిన్నబాపు ఎర్ర కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "అక్కా, ఇటు."

"దాంట్ల కూసుంటె చెల్లె ఎముకలు ఏరుకోవాలె" అన్నాడు బాపు, గాలితో.

"దాంట్ల కూసుంటె అక్క వచ్చే ఏడు చేరుతది" అన్నాడు చిన్నబాపు, చెట్టుతో.

"పెద్దోన్ని నేనుండంగ..."

"పెద్దోడు పెద్దోని లెక్క ఉంటె గదా!"

ఇద్దరి గొంతులూ లేచాయి. సబ్బుడబ్బ, ముసలి బర్రె అన్నీ వీధిలోకి వచ్చాయి. జనం నవ్వు ఆపి సర్దుకుని నిలబడ్డారు. అరుగు మీద అత్త అత్తగారు ఆకు నమిలి పక్కకు ఊసి, అందరికీ వినపడేటట్టు అంది. "మా కోడలికి ఏం తక్కువ? రెండు కార్ల పుట్టిల్లు. తోలుకపోయెటోడే లేడు గని."

నేను అత్త మొహం చూశాను. ఆ మొహం తలుచుకుంటే ఇప్పటికీ తట్టుకోలేను. అంత ఆశపడి బొట్టు పెట్టుకున్న మొహం, చూస్తుండగానే ఆరిపోయింది. ఆమె ఏడవలేదు. సంచీ నెత్తిన పెట్టుకుంది. రెండు కార్ల నడుమ నుంచి, రెండు తెరిచిన తలుపుల నడుమ నుంచి నడుచుకుంటూ బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

బస్టాండు అక్కడికి ఎంతో దూరం లేదు. మేము తేరుకుని కార్లు తీసుకుని వెళ్ళేసరికి కామారెడ్డి బస్సు కదులుతోంది. వెనక సీటు కిటికీలో అత్త కొంగు కనపడింది.

"ఎవని కారు ఎక్కినా ఇంకొకని ఇల్లు నాకు ఉండది" అని కండక్టరుతో అందట ఎక్కేటప్పుడు. తర్వాత కండక్టరే చెప్పాడు.

నేను ఆలోచించలేదు. ఎర్ర కారులోకి దూకాను, అదైతేనే బస్సును పట్టుకుంటుంది. "చిన్నబాపూ, పోనీ! పోనీ!" బస్సు, దాని వెనక మేము, మా వెనక అంబాసిడర్. బస్సు లేపిన దుమ్ము మా కళ్ళలో, మేము లేపింది బాపు కళ్ళలో. చిన్నబాపు పళ్ళు బిగించి నడుపుతున్నాడు. బస్సును దాటి ముందు ఆపి, అక్కను దింపి ఎక్కించుకుంటే గెలిచినట్టే. ఒకచోట రోడ్డు వెడల్పుగా ఉంది. "ఇప్పుడు! ఇప్పుడు దాటు!" అని నేను సీటు మీద మోకాళ్ళతో గుద్దుతున్నాను. చిన్నబాపు హారను కొట్టి కారు పక్కకు తీశాడు కూడా.

తీసి, అద్దంలో చూశాడు.

అంబాసిడర్ చాలా వెనకబడి ఉంది. బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి. మోటబావి ఎదురుగానే ఉంది.

కారు జోరు తగ్గింది. నేను అరిచాను. "ఎందుకాపుతున్నవు! బస్సు పోతున్నది! అత్త పోతున్నది!" భుజం మీద కొట్టాను, గేరు పట్టుకుని గుంజాను. "కూసో!" అని గద్దించాడు. తర్వాత తనలో తానే అన్నాడు. "సచ్చిన బర్రె. ఈడికొస్తె దానికి దూపైతదని తెల్వదా? రెండు చేతులతోటి ఎట్ల చేస్తడు?" బస్సు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు.

బాపు కారు ఆపి బానెట్ లేపేసరికి చిన్నబాపు బావిలో బొక్కెన వేసి ఉన్నాడు. బాపు చూశాడు. గోనెపట్ట తడిపి మూత మీద వేశాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. చిన్నబాపు పక్కన నిలబడి ఆగాడు. ఆవిరి పోయింది. బాపు గడ్డం కొంచెం ఊపాడు. నీళ్ళ ధార సన్నగా, తెగకుండా పడింది. నేను ఎర్ర కారు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. నా జన్మలో మొదటిసారి కాళ్ళు కదలలేదు.

చెంబు దింపుతూ చిన్నబాపు ఆ మోచెయ్యి చూశాడు. పట్టుకుని వెలుతురుకు తిప్పాడు.

"గిదేందే అన్నా?"

"ఏమైతది. కాలింది."

"ఒక్కనివే చేస్తున్నవా?"

"మరెవడున్నడు?"

చిన్నబాపు చెయ్యి వదల్లేదు. ఇద్దరూ అట్లాగే ఆ ఉడుకుతున్న ఇంజను ముందు తలలు వంచుకుని నిలబడ్డారు. అప్పుడు రోడ్డు మీద చెప్పుల చప్పుడు. అత్త. నెత్తిన సంచీ, ఎండకు కందిన మొహం. బస్సు వెనక అద్దంలోంచి చూస్తూ వచ్చిందట. వెనక వస్తున్న రెండు కార్లూ ఒక్కసారిగా కనపడకుండా పోతే, గుద్దుకున్నారో కొట్టుకున్నారో అని గుండె జారి, మలుపు దాటగానే బస్సు ఆపించుకుని దిగి, ఉరుకుతూ నడుస్తూ వెనక్కి వచ్చింది.

వాళ్ళను చూసింది. సంచీ దించింది. బావి గట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇగ చెప్పుండ్రి" అంది. "ఎవని కారెక్కాలె?"

ముందు బాపే నోరు తెరిచాడు. "తమ్మునిది ఎక్కు చెల్లె. మంచి కారది. ఆగకుండ పోతది. నాది మల్ల ఏడనో ఉడుకుతది. నిన్ను ఎండల నిలవెట్టుడు నాకు మనసొప్పది."

"వద్దక్కా!" అన్నాడు చిన్నబాపు. "అన్న దాంట్లనే కూసో. నాది ఉత్త డబ్బా. కాళ్ళు సాపరాదు, గతుకొస్తె నెత్తి తాకుతది. అన్నది ఊయల లెక్క పోతది. మన అవ్వ దాంట్లనే పంటుండె."

"నీ దాంట్ల ఊపిరి సల్లగుంటది రా, నాది పొయ్యి."

"నీది ఇల్లు అన్నా, నాది సబ్బుడబ్బనే."

అత్త ఒకరి మొహం చూసి ఇంకొకరి మొహం చూసింది. నవ్వుతుందనుకున్నాను. గట్టిగా, నోరు తెరిచి, చిన్నపిల్లలా ఏడ్చింది. "ఇన్ని రోజులు ఈ మాట ఏడవోయిందిరా మీకు? నేను ఆడ రోజు సస్తున్న గదరా!" అంటూ చేతికందిన సంచీతో ఇద్దరినీ కొట్టింది. వాళ్ళు కొట్టించుకున్నారు. నేనూ ఏడ్చాను. ఎందుకో అప్పుడు తెలియదు. అందరూ ఏడుస్తుంటే ఊరుకోవడం కూడా నాకు రాదు.

చివరికి తీర్పు అత్తే చెప్పింది. "పెద్దదాంట్ల ఎక్కుత. తమ్ముడు నడపాలె. అన్న చిన్నది తోలుకరావాలె. మల్ల ఆగుడొస్తె ఇద్దరు దిగాలె."

అట్లా నేను బాపుతో ఎర్ర కారులో వచ్చాను. బాపు తల పైకప్పుకు తగులుతోంది. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఎడమ చెయ్యి స్టీరింగు పక్కకు పోయి గాలిని పట్టుకునేది. జన్మంతా అక్కడే వెతికిన చెయ్యి. "గేరేదే బిడ్డా?" "కిందున్నది బాపూ!" మళ్ళీ కాసేపటికి అదే గాలి, అదే వెతుకులాట. తాడ్వాయి దగ్గర ఒక గేదెల మంద ఎదురైతే రెండు చేతులూ స్టీరింగు పక్కనే పెట్టి తడిమాడు. కారు కుయ్యిమని ఆగింది. నేను నవ్వు ఆపుకోలేక సీటు కిందికి జారాను. బాపు కూడా నవ్వాడు. మీసం కింద దాచిపెట్టుకుని నవ్వే నవ్వు కాదు, బయటికి వచ్చిన నవ్వు.

ఆ సాయంత్రం అత్తను పీట మీద కూర్చోబెట్టారు. పసుపుబియ్యం, ఎండుకొబ్బరి, ఖర్జూరాలు, రవికె బట్ట. అవ్వా చిన్నమ్మా ఒకరి తర్వాత ఒకరు దోసిళ్ళతో పోశారు. బియ్యం బరువుకు అత్త కొంగు వంగింది. ఆమె రెండు చేతులతో కింద పట్టుకుని కూర్చుంది, కదలకుండా.

మళ్ళీ ఎల్లారెడ్డి తోలుకపోయినప్పుడు నేనూ పోయాను, నన్ను ఆపేదెవరు? ఆమె అత్తగారు అరుగు మీదే ఉంది. ఆకు చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది. "ఇంతకు ఎవని కారెక్కిపోయినవే?"

అత్త బియ్యం మూట దించలేదు. గడపలో నిలబడే చెప్పింది. "మా అన్న తమ్ముని కారెక్కుమన్నడు. మా తమ్ముడు అన్న కారెక్కుమన్నడు."

ముసలమ్మ ఆకు చుట్టడం ఆపింది. లేచి, ఆ మూటకు తానే ఒక చెయ్యి వేసి లోపలికి పట్టుకుపోయింది.

తర్వాత చిన్నబాపు దుబాయి పోయాడు, ఎర్ర కారు అమ్ముడుపోయింది. అంబాసిడర్ వాకిట్లో నిలబడి నిలబడి, కోళ్ళు గుడ్లు పెట్టుకునే ఇల్లయింది, ఆఖరికి ఇనుప సామాను వాడికి పోయింది. బాపు, చిన్నబాపు, అత్త ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. ఏది మంచి కారని నన్నెవరైనా అడిగితే నేనిప్పటికీ చెప్పలేను. అటు పోతే ఇది గుర్తొస్తుంది, ఇటు వస్తే అది.

మా పిల్లలందరికీ ఇప్పుడు కార్లున్నాయి. పండక్కి కలిస్తే వాకిలి చాలదు. భోజనాలయ్యాక వాటి చుట్టూ నిలబడి చాలాసేపు మాట్లాడుకుంటారు. నేను ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరి దగ్గరికి తిరుగుతూ వింటుంటాను. ఎవరిని అడిగినా తమ కారే మంచిదంటారు.